లోపలి కుట్టు

గురువారం పొద్దున ఆఫీసు తలుపు తియ్యడానికి పిచ్చుక మెట్లెక్కేసరికే ఒకావిడ పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ గుడ్డసంచీ. దాని మూతిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది, అందులోని ఖాళీ కూడా ఎక్కడ జారిపోతుందో అన్నట్టు.

పిచ్చుకకు అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు మెతుకు మెతుకూ ఏరుకుని తినేదని మేనమామ పెట్టిన ముద్దుపేరే నిలిచిపోయింది. ఆ మేనమామే ఇప్పుడు ఆమెకు యజమాని, ప్రైవేటు డిటెక్టివ్. ఎవరెంత కంగారుగా పరుగెత్తుకొచ్చినా ఆయన నోట ముందుగా వచ్చే మాట "నిదానం" కాబట్టి ఊరంతా ఆయన్ని నిదానంగారనే పిలుస్తుంది. ఆయన చూసేదంతా తనూ చూస్తూనే ఉంటుంది కదా, మరి ఆయనకు కనబడేది తనకెందుకు కనబడదని పిచ్చుకకు మూడేళ్ళుగా దిగులు.

"బంతి పోయిందండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే.

"నిదానం," అన్నారు నిదానంగారు. "ముందు మంచినీళ్ళు తాగండి. తర్వాత మొదటినుంచి చెప్పండి."

ఆవిడ ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి పోయిన ఏడాదే పని మానిన టీచరమ్మ. ఆటల పీరియడ్ అయ్యాక చెమటలు కక్కుతూ వచ్చే పిల్లలు ఏటా ఎవరో ఒకరు అడిగేవారట, "టీచర్, ఫుట్‌బాల్ ఎలా పుట్టింది?" అని.

"ముప్ఫై ఏళ్ళూ 'తర్వాత చెబుతాను, కూర్చో' అన్నానండీ. ఇప్పటికి ఆ తర్వాత వచ్చింది. పిల్లల కోసం పుస్తకం రాస్తున్నాను. ప్రపంచంలో ఆట ఎలా పుట్టిందో పెద్ద పెద్ద పుస్తకాల్లో దొరికింది. మన ఊళ్ళో ఎలా పుట్టిందో మాత్రం ఎక్కడా లేదు. అందుకే క్లబ్బుకు వెళ్ళాను."

ఆటస్థలం పక్కనే ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బులో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో డెబ్బై ఏళ్ళ నాటి తోలుబంతి. ఊళ్ళో మొట్టమొదటి ఆట ఆడింది దానితోనే. 'మన వ్యవస్థాపకులు విదేశం నుంచి తెచ్చిన బంతి' అని కింద ఇత్తడి పలక. పుస్తకానికి బొమ్మలు గీయించుకోవడానికి వారం రోజులు ఇమ్మని టీచరమ్మ అడిగింది. బాధ్యత నాదేనని సంతకం పెట్టించుకుని కార్యదర్శి ఇచ్చాడు. బంతి క్లబ్బు దాటి పోకూడదన్నది షరతు. మేడ మీది చదువుల గదిలో, చెక్కపీట మీద పెట్టుకుని పని చేసుకుంటోంది. బుధవారం మధ్యాహ్నం తాళం వేసి భోజనానికి వెళ్ళి అరగంటలో తిరిగొచ్చింది. తాళం వేసినట్టే ఉంది. బంతి లేదు.

"శనివారం పొద్దున కమిటీ కూర్చుంటుంది. అప్పటికి బంతి రాకపోతే పోలీసులకు ఫిర్యాదు ఇస్తామన్నారు. దొంగతనం కేసున్నవాళ్ళు రాసిన పుస్తకం పిల్లల చేతిలో ఎవరు పెడతారండీ? పుస్తకం అచ్చు వేసేవాళ్ళూ వెనక్కిచ్చేస్తారు. అదొక్కటే కాదు, నా దగ్గర చదువుకున్నవాళ్ళే ఈ ఊళ్ళో సగం మంది. వాళ్ళ ముందు..."

నిదానంగారు కాసేపు కిటికీలోంచి బయటకు చూశారు. "ఇంకేదో ఉంది. మీరు చెప్పలేదు."

టీచరమ్మ తలదించుకుంది. "సోమవారం బీరువాలోంచి తీసి చేత్తో పట్టుకోగానే ఒకచోట కుట్టు పిగిలింది. మూడు వేళ్ళ మేర. భయమేసి ఎవరికీ చెప్పలేదు. ఆ వైపు గోడకు తిప్పి పెట్టేశాను. మళ్ళీ అటు చూడడానికి కూడా ధైర్యం చాలలేదండీ. పిల్లల్ని అబద్ధమాడొద్దని ఎన్నిసార్లు నిలబెట్టానో."

పిచ్చుక ఆ మాట తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఎందుకో తెలియదు గాని రాసుకుంది.

*

చదువుల గది చిన్నది. బల్ల మీద కాగితాలు, గుండ్రని చెక్కపీట. దాని పక్కనే వెండి కప్పు ఒకటి తళతళలాడుతోంది. దాన్నెవరూ తాకలేదు. పిచ్చుక పీటను పైనా కిందా చూసి, "బంతి కింద ఏదైనా పరిచారా అండీ?" అని అడిగింది.

"మెత్తటి గుడ్డ పరిచాను. అదీ లేదు."

నిదానంగారు మేనకోడలి వైపు చూసి చిన్నగా తలూపారు. ఆ ఊపుతో పిచ్చుకకు కడుపు నిండిపోయింది.

తాళంచెవి కార్యదర్శి గదిలో, తలుపు పక్క మేకుకు వేలాడుతుంది. రోజూ పదిమంది వచ్చిపోయే గది. కార్యదర్శి నలభై దాటినవాడు, చొక్కా మీద ముడత ఉండదు. ఆయన వెనక గోడ మీద వ్యవస్థాపకుడి పెద్ద పటం. ఇద్దరిదీ ఒకే ముక్కు.

"మా తాతగారండీ," అన్నాడు కార్యదర్శి. "ఆయన ఓడలో తెచ్చిన బంతి అది. దాన్ని ఈవిడ కోయిస్తానంటే ముందు వద్దన్నాను."

"కోయించడమా?"

టీచరమ్మ ఇబ్బందిగా చెప్పింది. వ్యవస్థాపకుడి పాత డైరీ ఆవిడకు క్లబ్బులోనే దొరికింది. ఊళ్ళో మొదటి ఆట ఆడిన తేదీ అందులో ఉంది. ఆయన మొదటిసారి ఓడ ఎక్కిన తేదీ దానికి రెండేళ్ళ తర్వాతది. మరి బంతి ఎలా వచ్చింది? విదేశీ బంతులకు లోపలి వైపు, మూతి దగ్గర, ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. మూతిలోంచి టార్చి వేసి చూసింది. రెండు వేళ్ళు పట్టే సందు, లోపల కుక్కిన గుడ్డపీలికలు తప్ప ఏమీ కనబడలేదు. అందుకని శనివారం కమిటీ ముందు మూతి చుట్టూ కొంచెం కోసి చూద్దామంది.

"ముద్ర లేకపోతే మీ తాతగారి మాట పోతుంది," అన్నారు నిదానంగారు.

"అందుకని నేనే మాయం చేశానంటారా?" కార్యదర్శి నవ్వాడు గాని నవ్వు కళ్ళదాకా రాలేదు. "నాకు వద్దనుకుంటే 'కొయ్యనివ్వను' అంటే సరిపోయేది కదండీ. దొంగతనం దాకా ఎందుకు?"

గేటు దగ్గర కాపలాదారు నిటారుగా నిలబడి లెక్క అప్పజెప్పాడు. చేతిలో సంచీ ఉన్నవాణ్ణి ఎవర్నీ అతను ఊరికే పోనివ్వడు. బుధవారం మధ్యాహ్నం బయటికి పోయినవి నాలుగే. టీచరమ్మ పుస్తకానికి గీసే బొమ్మలాయన పెద్ద అట్టల సంచీ, ఉతుక్కి పోయే ఆటబట్టల మూట, బూట్లు కుట్టే కుట్టుతాత గోనె, కార్యదర్శిగారి తోలుపెట్టె.

"అన్నీ విప్పి చూశావా?"

"కార్యదర్శిగారిది కూడా చూశానండీ. ఆయనకు కోపం కూడా వచ్చింది."

"ఎవరి దగ్గరా ఉండకూడనిదేదీ లేదు?"

"లేదండీ. ఎవరి సంచీలో ఉండాల్సింది వాళ్ళ సంచీలోనే ఉంది."

బొమ్మలాయన ఆటస్థలం మెట్ల మీద కూర్చుని ఎగురుతున్న బంతిని గీస్తున్నాడు. ముప్ఫైలోపు వాడు, వేళ్ళనిండా పెన్సిల్ మసి. "నన్ను అనుమానించండి, అభ్యంతరం లేదు. కాని బొమ్మలు బాగున్నాయని ముందు చెప్పి అప్పుడు అనుమానించండి," అన్నాడు.

అతను బంతిని రెండుసార్లు గీశాడు, సోమవారం సాయంత్రం ఒకసారి, బుధవారం పొద్దున ఒకసారి. ఒక్కో కుట్టూ లెక్కపెట్టి గీసినట్టున్నాయి బొమ్మలు. పిచ్చుక రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మామయ్యా, సోమవారం బొమ్మలో ఇక్కడ కుట్టు విడిపోయి ఉంది. బుధవారం బొమ్మలో లేదు."

"మీరు సరిచేసి గీశారా?" అని అడిగారు నిదానంగారు.

బొమ్మలాయనకు పౌరుషం వచ్చింది. "నేను ఉన్నది ఉన్నట్టే గీస్తాను. సోమవారం గోడవైపు తిరిగి ఉన్న పక్కని కూడా వంగి చూసి మరీ గీశాను. చిరుగుంటే చిరుగు, లేకపోతే లేదు."

టీచరమ్మ ఆ బొమ్మను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మంగళవారం కుట్టుతాత నూనె రాయడానికి వచ్చాడు. నేను బయట వరండాలో కూర్చున్నాను. నాకొక్క మాటైనా చెప్పలేదు."

*

ఆటస్థలం మెట్ల వరస కింద మూడు గోడల గది కుట్టుతాతది. ఆటగాళ్ళ బూట్లు, క్లబ్బు బంతులు కుట్టేది ఆయనే. ఆయన వయసెంతో ఎవరూ అడగరు. ఒక మూల మరమ్మతు అయిన బంతులు పొట్ట నిండి కూర్చున్నాయి, ఇంకో మూల కానివి పొట్ట వీపుకంటి పడున్నాయి.

ఆయన చూపు ముందు మనుషుల మీద కాక పిచ్చుక భుజానికున్న సంచీ మీద పడింది. పట్టీ తెగితే ముడేసుకుంది.

"అదేంటమ్మా, ఆడపిల్లవి, ముడేసుకు తిరుగుతున్నావు? ఇలా తే."

"పర్లేదు తాతా..."

"నీకు పర్లేదు. నాకు చూడ్డానికి బాగాలేదు."

కుడిచేత్తో సూది అందుకుని, దారానికి మైనం రాసి, కుట్టడం మొదలుపెట్టాడు. నిదానంగారు చిన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"మంగళవారం బంతికి నూనె రాశారట."

"నెలకోసారి రాస్తానయ్యా. నలభై ఏళ్ళ నుంచీ. మూతి విప్పి, లోపల కుక్కిన గుడ్డపీలికలు తీసి, లోపలా బయటా రాస్తాను. తోలు కదా, అడక్కపోయినా దాహం వేస్తుంది."

"పిగిలిన చోటు మీరే కుట్టారా?"

"కుట్టాను. టీచరమ్మ భయపడుతోందని మొహం చూస్తేనే తెలిసింది. చెప్పి కుడితే సిగ్గుపడుతుంది."

"మూతి దగ్గర కొయ్యమని ఆవిడ అడిగింది కూడా మిమ్మల్నే కదూ?"

"అడిగింది. తోలు చిరక్కుండా కొయ్యడం నీకే వచ్చు తాతా అంది. సరేనన్నాను. కాదనడానికి నేనెవర్ని?"

"బంతి విదేశానిదేనంటారా?"

"పలక మీద రాసుంది కదయ్యా."

"మీరు చదివారా?"

"నాకు చదువు రాదు. వచ్చినవాళ్ళు చెప్పారు."

"పని మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నారా?"

"మా ఇంట్లోనే నేర్చుకున్నాను," అన్నాడు కుట్టుతాత, తలెత్తకుండా.

నిదానంగారు లేచి నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నారు, "బంతికి బాధ్యత నాదేనని టీచరమ్మ సంతకం పెట్టింది. శనివారానికి రాకపోతే ఆవిడ మీద కేసు పెడతారు. పుస్తకం కూడా ఆగిపోతుంది."

సూది వేలిలో దిగింది. ఆయన ఆ వేలు నోట్లో పెట్టుకుని, "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. పట్టీ చివరి కుట్టు బిగించి, ముడి లోపలికి పోయేలా లాగి, సంచీ పిచ్చుక చేతికిచ్చాడు. దానిమీద చిన్న నెత్తురు మరక.

దారిలో నిదానంగారు ఒక్కటే మాట అన్నారు. "ఆ సంచీ జాగ్రత్త పిచ్చుకా."

శుక్రవారమంతా ఆయన రెండు బొమ్మల్నీ, సంచీ పట్టీనీ భూతద్దంతో చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం పిచ్చుక ఉండబట్టలేక అడిగింది, "తెలిసిందా మామయ్యా?"

"ఎవరో తెలిసింది. ఎందుకో సగమే తెలిసింది. ఎవరో తెలిసినప్పుడు నాకు హాయిగా ఉంటుందే, ఈసారి లేదు."

*

శనివారం పొద్దున క్లబ్బు గదిలో పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. కార్యదర్శి, కమిటీవాళ్ళు ముగ్గురు, టీచరమ్మ, బొమ్మలాయన. కాపలాదారు తలుపు దగ్గర నిలబడ్డాడు. కుట్టుతాత తన గోనె కాళ్ళ మధ్య పెట్టుకుని చివర స్టూలు మీద కూర్చున్నాడు. అద్దాల బీరువా ఖాళీగా, పలక మాత్రం మెరుస్తూ ఉంది.

"ఒకటి," అన్నారు నిదానంగారు. "దొంగ వెండి కప్పును వదిలి చచ్చిన బంతిని పట్టుకెళ్ళాడు. కాబట్టి అమ్ముకోవడానికి కాదు. బంతి కింద గుడ్డ కూడా పోయింది. మాయం చేద్దామనుకున్నవాడు గుడ్డ తీసుకెళ్ళడు. దెబ్బ తగలకూడదనుకున్నవాడే చుట్టి తీసుకెళతాడు. అంటే దొంగకు ఆ బంతంటే ప్రాణం. కార్యదర్శిగారికి పలకంటే ప్రాణం గాని బంతంటే కాదు. దాని కుట్టు పిగిలిందని ఆయనకు ఈ నిమిషం దాకా తెలియదు."

కార్యదర్శి టీచరమ్మ వైపు తిరిగాడు. ఆవిడ తల దించుకోలేదు. "నా చేతిలోనే పిగిలింది. చెప్పకపోవడం తప్పే," అంది.

"బయటికెలా పోయింది? కాపలాదారూ, కుట్టుతాత గోనెలో ఏం చూశావు?"

"బంతులండీ."

"మనం వెతికేదేమిటి?"

"పైన తెల్లవి ఉన్నాయండీ. కింద దాకా... బంతులే కదా అని..."

అందరి కళ్ళూ గోనె మీదికి తిరిగాయి.

"గోనె ఒక్కటే అయితే అది అనుమానం మాత్రమే," అన్నారు నిదానంగారు. "అసలు సంగతి కుట్టులో ఉంది. కుడిచేతివాటం మనిషి కుడితే కుట్లు కుడివైపు వాలతాయి. ఈ బొమ్మలు చూడండి. బంతి పాత కుట్లన్నీ ఎడమకు వాలాయి. దాన్ని చేసిన మనిషిది ఎడమచేతివాటం. మంగళవారం కుట్టిన ఈ కొత్త మూడు వేళ్ళ కుట్టు కూడా అలాగే, అంతే ఎడంతో, ఎడమకే వాలింది. పాతదీ కొత్తదీ ఒకే చెయ్యి కుట్టినట్టుంది. ఇప్పుడు మా మేనకోడలి సంచీ పట్టీ చూడండి. ఇదీ అంతే. కాని తాత సూది పట్టింది కుడిచేత్తో. నా కళ్ళముందే. కుడిచేతి మనిషికి ఎడమచేతి కుట్టు ఎలా వస్తుంది?"

పిచ్చుక తన పట్టీ వైపు చూసుకుంది. నిన్నంతా అది తన కళ్ళముందే ఉంది.

"ఒక్క విధంగానే వస్తుంది," అన్నారు నిదానంగారు గొంతు తగ్గించి. "చాలా చిన్నప్పుడు, ఎడమచేతివాటం మనిషి ఒళ్ళో కూర్చుని, వాళ్ళ చేతుల కింద తన చేతులు పెట్టి నేర్చుకుంటే. ఆ మనిషే ఈ బంతిని కుట్టింది. ఈ ఊళ్ళోనే. మిగతాది తాతే చెప్పాలి."

కుట్టుతాత గోనె విప్పాడు. ఒక్కో తెల్లబంతీ తీసి కింద పెట్టాడు. అట్టడుగున మెత్తటి గుడ్డలో చుట్టిన ముదురు గోధుమరంగు బంతి. దాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి తియ్యలేదు.

"టీచరమ్మ మీదికి వస్తుందని తెలీదయ్యా. తెలిసిన రోజే తెచ్చిద్దామనుకున్నాను. ఇచ్చేస్తే శనివారం కోసేస్తారని ఆగాను. అది నా తప్పే."

"ఎవరు కుట్టారు తాతా?" అని అడిగింది టీచరమ్మ.

"మా అక్క."

"నాకు ఆరేళ్ళు. అక్కకి పదకొండు. అమ్మ లేదు. నాన్నకు జబ్బు చేసి చేతులు వణికేవి, క్లబ్బు పెట్టిన పెద్దయ్యగారు బంతి కుట్టమని అచ్చుబొమ్మ తెచ్చిచ్చారు. నాన్న తోలు కోసిచ్చాడు, కుట్టిందంతా అక్కే. బంతిని లోపలి వైపు బయటకు పెట్టి కుడతారు, తర్వాత మూతిలోంచి తిరగేస్తారు. తిరగెయ్యకముందు అక్క ఎర్రదారం తీసుకుని, మూతి పక్క ముక్క మీద చిన్న పాదం కుట్టింది. అయిదు వేళ్ళూ ఉన్న పాదం. ఎందుకే అన్నాను. 'బయటనుంచి తన్నేవాళ్ళు బోలెడుమంది ఉంటారు రా తమ్ముడూ. లోపలనుంచి తన్నేది నేనొక్కదాన్నే' అంది."

బయట ఎక్కడో పిల్లలు ఆడుతున్న కేకలు వినబడ్డాయి.

"ఆట రోజుకి అక్కకి ఒళ్ళు కాలిపోతోంది. ఇల్లు గ్రౌండు పక్కనే. కేకలు వినబడ్డప్పుడల్లా 'కుట్టు నిలిచిందా రా, చూసి రా' అనేది. నేను పరిగెత్తి వెళ్ళి చూసొచ్చి, నిలిచిందే అక్కా అనేవాణ్ణి. అలా ఎన్నిసార్లు తిరిగానో. నాలుగో రోజు పోయింది. పదకొండేళ్ళ పిల్ల కుట్టిన బంతంటే ఎవరాడతారని పెద్దయ్యగారు పైదేశం సరుకని చెప్పారు. నాన్న చేత ఒట్టేయించుకున్నారు. నాన్న పోయేముందు నా చేత వేయించాడు."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా..." అన్నాడు బొమ్మలాయన.

"ఏం చూపించి చెప్పను బాబూ? ఎర్రదారం ఎప్పుడో పుచ్చి రాలిపోయింది. సూది చిల్లులే మిగిలాయి. నెలకోసారి నూనె రాసేటప్పుడు వేళ్ళకి తగుల్తాయి. ఎండిన తోలు. అక్కడ కత్తి పెడితే చిల్లుల వెంట స్టాంపు చిరిగినట్టు చిరిగిపోతుంది. చిల్లులు చూపించి మా అక్క అంటే ఎవరు నమ్ముతారు? ఉండనిస్తే చాలనుకున్నాను."

నిదానంగారు మెల్లగా అన్నారు, "కొయ్యక్కర్లేదు తాతా. మంగళవారం మీరు వేసిన కుట్టు విప్పితే అక్కణ్ణించి టార్చి వెయ్యొచ్చు. అక్కణ్ణించే మూతి పక్క ముక్క కనబడుతుంది."

తాత మూతి విప్పి లోపలి గుడ్డపీలికలు తీశాడు. తర్వాత తను కుట్టిన మూడు వేళ్ళ కుట్టునూ తనే విప్పాడు. పిచ్చుక టార్చి పట్టుకుంది. టీచరమ్మ ముందు వంగి చూసింది. అలాగే చాలాసేపు ఉండిపోయి, లేచి, పక్కకు తిరిగి నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే చూశారు. పిచ్చుక వంతు వచ్చినప్పుడు ముదురు తోలు మీద వెలుగు చుక్కలు చుక్కలుగా ఆగింది. మడమ, వంపు, వరసగా అయిదు వేళ్ళు. బొటనవేలంత పాదం.

కార్యదర్శి అందరికంటే చివర చూశాడు. అందరికంటే ఎక్కువసేపు చూశాడు. "మా తాతగారికి తెలుసా ఇది?" అన్నాడు.

"పాదం సంగతి తెలీదు బాబూ. కుట్టిందెవరో తెలుసు."

కార్యదర్శి కుర్చీలో కూర్చుని రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకేమీ అంటలేదు. "ఫిర్యాదు ఉండదు," అన్నాడు. "పలక మార్చాలంటే మాత్రం... రాతపూర్వకంగా ఏదైనా ఆధారం..." కమిటీవాళ్ళు బల్లకేసి చూస్తున్నారు.

టీచరమ్మ కాగితం, కలం తీసుకుంది. "నేను రాస్తాను. నా పుస్తకంలో రాస్తాను. తాతా, మీ అక్క పేరేమిటి?"

కుట్టుతాత పెదవులు కదిలాయి. ఏదో అనబోయినట్టు ముందుకు వంగాడు. మళ్ళీ వెనక్కి వాలాడు. చేతులు గాలిలో సూది కోసం వెతికినట్టు వెతికాయి.

"అక్కా అనేవాణ్ణి," అన్నాడు. "నాన్న 'పెద్దదానా' అని పిలిచేవాడు. ఆ తర్వాత నాన్న ఆ ఊసెత్తనివ్వలేదు. ఎవర్నైనా అడుగుదామంటే... అందరూ పోయారు. పేరుండే ఉంటుంది టీచరమ్మా. పేరు లేకుండా ఎవరుంటారు? నాకు తెలీదు."

పిచ్చుక మూడేళ్ళలో ఎన్నో కేసుల చివర చూసింది. ఎవరో ఒకరు అరవడమో, ఏడవడమో, పారిపోవడమో జరుగుతుంది. ఇక్కడ ఏదీ జరగలేదు. కలం కాగితం మీద అలాగే ఆగి ఉంది. మామయ్య కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

బంతిని మళ్ళీ కుట్టాలి. తాత సూది తీశాడు. దారానికి మైనం రాశాడు. కుట్టు మొదలుపెట్టేముందు మూతిలోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉంచాడు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కుట్టాడు. కుట్లు ఒకదాని వెనక ఒకటి ఎడమకు వాలుతూ పోయాయి. చివరి ముడి లోపలికి పోయింది.

*

పలక మారలేదు. పై వారం కమిటీ ఒక తీర్మానం మాత్రం చేసింది. ఇకనుంచి బీరువా తాళం కార్యదర్శి దగ్గరే ఉంటుంది, నూనె రాయడానికి కొత్త మనిషిని చూస్తారు. కుట్టుతాత ఏమీ అనలేదట. రోజూ బంతులు ఇవ్వడానికి వచ్చినప్పుడు బీరువా ముందు ఒక్క క్షణం ఆగి, అద్దం మీద చెయ్యి పెట్టి వెళుతున్నాడని కాపలాదారు చెప్పాడు. అద్దం మీద వేళ్ళ మరకలు పడుతున్నాయని ఎవరో అంటే, కాపలాదారే రోజూ తుడిచేస్తున్నాడట.

పుస్తకం నాలుగు నెలలకు వచ్చింది. ప్రపంచంలో ఫుట్‌బాల్ ఎలా పుట్టిందో పది అధ్యాయాలు. పదకొండోది ఈ ఊరిది. దాని బొమ్మలో అక్క ముఖం లేదు. ఉన్నది ఉన్నట్టే గీస్తాను, చూడని ముఖం ఎలా గీయనని బొమ్మలాయన ఒప్పుకోలేదు. రెండు జతల చేతులు గీశాడు. ఎడమచేతిలో సూది, ఆ చేతుల కింద మరీ చిన్న చేతులు. పుస్తకం మొదటి పేజీలో, అంకితం దగ్గర, ఒకే మాట. 'అక్కకి.'

పిల్లల దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది ఒకే ప్రశ్న అడిగారు. ఎవరి అక్క?

టీచరమ్మ ఆ ఉత్తరాలు పట్టుకుని మెట్ల కింద గదికి వెళ్ళింది. నిదానంగారినీ పిచ్చుకనీ తోడు తీసుకెళ్ళింది. ఒక్కో ఉత్తరం చదివి వినిపించింది. కుట్టుతాత బూటు కుడుతూ విన్నాడు.

"జవాబు ఏం రాయాలో తెలియడం లేదు తాతా. పేరు లేదు కదా. అందరి అక్క అని రాద్దామనుకుంటున్నాను. బాగుంటుందా?"

ఆయన కుట్టడం ఆపాడు. సూదిని తోలులో అలాగే వదిలేశాడు.

"అందరికీ ఎలా అవుతుందమ్మా? కుట్టు నిలిచిందా చూసి రా అని ఎవర్ని పంపింది? నన్నే కదా." ఉత్తరాల వైపు చూసి అన్నాడు, "మా అక్క అని రాయండి. కుట్టుతాత వాళ్ళ అక్క అని."

టీచరమ్మ మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని అలాగే రాసింది. మొత్తం ముప్ఫై ఏడు ఉత్తరాలు. అన్నీ అయ్యేదాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు.